టెస్ట్ కేస్ రాసే ముందే దాని ప్రయోజనం తేల్చుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పరిసరాల పీజీలలో ఉంటూ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు పూర్తిచేసి ఇంటర్వ్యూలకు తిరిగే తెలుగు యువతీయువకులను నేను ఏటా కొందరినైనా కలుస్తుంటాను. మా టీమ్‌లోకి కొత్తవారిని తీసుకునేటప్పుడు ప్రశ్నలు అడిగేవారిలో నేనూ ఒకణ్ణి. “టెస్టింగ్ ఎందుకు చేస్తాం?” అని అడిగితే, “బగ్స్ పట్టుకోవడానికి, క్వాలిటీ నిర్ధారించడానికి” అన్న జవాబు తడుముకోకుండా వస్తుంది. “మంచిది. మీరు ఈమధ్య రాసిన టెస్ట్ కేస్ ఒకటి చెప్పండి. దాన్ని ఈ రెండింటిలో దేనికోసం రాశారు?” అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. (టెస్ట్ కేస్ అంటే ఏమి ఇచ్చి చూడాలో, ఏం జరగాలో రాసుకున్న ఒక్క పరీక్ష.) తప్పు వారిది కాదు. కోర్సుల్లో స్మోక్, శానిటీ, రిగ్రెషన్, యాక్సెప్టెన్స్ అంటూ టెస్టింగ్ రకాలను ఎక్కాల్లాగా వల్లె వేయిస్తారు. ప్రయోజనం మాత్రం మొదటి పేజీలో నిర్వచనంగా ఒక్కసారి కనిపించి, ఆ పేజీతోనే వెనకబడిపోతుంది.

ఉద్యోగంలో చేరాక రకం పేరు ఎవరూ అడగరు. “గురువారం రాత్రి రిలీజ్ చేయవచ్చా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏ టెస్ట్‌లు అక్కరకు వస్తాయో, ఏవి కేవలం లెక్క పెంచడానికే ఉన్నాయో ఏరుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు బెంగళూరు నుంచి విజయవాడ, కర్నూలు, హైదరాబాదులకు బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్‌ను ఊహించుకుందాం. శుక్రవారం సాయంత్రాల్లో ఈ ఊళ్లోని తెలుగువాళ్లకు అంతకన్నా పరిచయమైనది మరొకటి ఉండదు.

రుజువు చేయడం మన పని కాదు

సాఫ్ట్‌వేర్ తప్పుల్లేకుండా ఉందని టెస్టింగ్ రుజువు చేయలేదు. టెస్టింగ్ లోపాలు ఉన్నాయని చూపగలదే గాని, లేవని చూపలేదన్న మాటను డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1969లో రోమ్‌లో జరిగిన నాటో సదస్సులోనే చెప్పారు. ఇది తత్త్వం కాదు, కూడికలూ గుణకారాలూ తెలిసినవారెవరైనా సరిచూసుకోగల లెక్క. మన యాప్‌లో ఒక టికెట్ మీద 6 మంది వరకు ప్రయాణించవచ్చనుకుందాం. ఒక్కొక్కరి వయసు 1 నుంచి 99 వరకు, లింగానికి 3 ఎంపికలు అనుకుంటే, ఒక్క ప్రయాణికుడికే 297 కలయికలు అవుతాయి. ఆరుగురికి కలిపి చూస్తే అవి సుమారు 6 కోట్ల 86 లక్షల కోట్లు. సెకనుకు 1,000 చొప్పున ఆటోమేషన్‌తో నడిపినా పూర్తికావడానికి 21 వేల ఏళ్లకు పైగా పడుతుంది. పేర్లు, సీట్లు, కూపన్లు, బ్యాంకులు, ఫోన్ మోడళ్ల సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.

కాబట్టి టెస్టర్ ఎంత శ్రమించినా ఆయన చేసేది ఎంపికే. కోట్ల కోట్ల అవకాశాల్లోంచి ఏ రెండు వందలను తీసుకుంటారన్నదే అసలు నైపుణ్యం. ప్రయోజనం ముందుగా తెలియనివాడు చేతికి దొరికినవాటిని ఏరుకుంటాడు, తెలిసినవాడు కావలసినవాటి కోసం వెదుకుతాడు. టెస్ట్ కేస్ షీట్ తెరిచే ముందు ప్రతి టెస్ట్‌నూ ఒక ప్రశ్న అడగండి: “ఇది ఫెయిలైతే ఎవరు ఏ నిర్ణయం మార్చుకుంటారు?” డెవలపర్ తన కోడ్ సరిచేసుకుంటాడు, ప్రోడక్ట్ మేనేజర్ ఫీచర్‌ను వెనక్కి తీసుకుంటారు, రిలీజ్ మేనేజర్ తేదీ జరుపుతారు, కస్టమర్ సపోర్ట్ వాళ్లు అదనంగా ఇద్దరిని రాత్రి షిఫ్టులో పెడతారు. వీటిలో ఏదో ఒక జవాబు రావాలి. ఎవరూ ఏమీ మార్చుకోరని తేలితే ఆ టెస్ట్‌ను కొట్టేయండి. నా అనుభవంలో 200 టెస్ట్ కేసులున్న షీట్‌లో ఈ ప్రశ్నకు నిలవనివి 40 దాకా తేలడం ఆశ్చర్యమేమీ కాదు. వాటిలో సగం “హోమ్ పేజీ తెరుచుకుంటుందా” అన్నదే వేర్వేరు మాటల్లో రాసినవి.

షీట్‌లో “టెస్ట్ వివరణ” గడి పక్కనే “ప్రయోజనం” అని మరో గడి పెట్టుకుని, అందులో ఒకే ఒక వాక్యం రాయండి. ఆ వాక్యంలో “సరిగ్గా పనిచేస్తుందని చూడటానికి” అన్న మాట రాకూడదన్నది నా టీమ్‌లో నేను పెట్టిన నియమం. అలా రాయడం మొదలుపెడితే అన్ని టెస్ట్‌లకూ అదే అతుకుతుంది, గడి ఉండీ లేనట్టే అవుతుంది.

లోపాలను వెదికే టెస్ట్‌లు

అందరికీ తెలిసిన ప్రయోజనం ఇదే, అందరూ బద్ధకించేదీ ఇక్కడే. లోపాన్ని వెదకాలనుకున్నప్పుడు సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, ఇది ఎక్కడ విరుగుతుందని ఆలోచించాలి. విరిగే చోట్లు సాధారణంగా హద్దుల దగ్గర ఉంటాయి. ఆరుగురికి మించకూడదన్న నిబంధనను కోడ్‌లో రాసేటప్పుడు “6 కన్నా తక్కువ” అనాలా, “6 లేదా అంతకన్నా తక్కువ” అనాలా అన్నచోట చెయ్యి తడబడుతుంది. ముగ్గురికి టికెట్ తీసి చూస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. 0, 1, 6, 7 ఇచ్చి చూడండి. రైల్వే టికెట్లలో మామూలు బుకింగ్‌కు ఆరుగురు, తత్కాల్‌కు నలుగురు అన్న నియమం ఉన్నట్టే, మన యాప్‌లోనూ ఏదైనా ప్రత్యేక కోటాకు వేరే హద్దు ఉంటే, ఒక కోటాలో ఆరుగురిని నింపి, ఆపైన కోటా మార్చి చూడటం ఇంకా మంచి టెస్ట్. అప్పటికే నింపిన ఆరుగురిలో చివరి ఇద్దరిని యాప్ ఏం చేస్తుందో డెవలపర్ కూడా ఆలోచించి ఉండకపోవచ్చు.

తెలుగువారిగా మనకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. మన పేర్లూ మన లిపీ సాఫ్ట్‌వేర్‌కు సహజంగానే కఠిన పరీక్షలు. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా సర్టిఫికెట్లలో రాయించుకున్న వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి వ్యక్తి “లాస్ట్ నేమ్” గడిలో ఒక అక్షరం కొట్టగానే “కనీసం రెండు అక్షరాలు ఉండాలి” అని ఎర్ర రంగులో హెచ్చరిక వస్తుంది. ఆయన అదే అక్షరాన్ని రెండుసార్లు కొట్టి టికెట్ తీసుకుంటాడు, చివరకు గుర్తింపు కార్డులో పేరుకూ టికెట్లో పేరుకూ పొంతన కుదరదు. ఈ లోపాన్ని పట్టుకోవడానికి ఏ కోర్సూ అవసరం లేదు, మీ పదో తరగతి మార్కుల జాబితా చాలు.

లిపి సంగతి మరింత సారవంతమైనది. “లక్ష్మి” అన్న పేరు మన కంటికి రెండు అక్షరాలు. ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య (కోడ్ పాయింట్) కేటాయించే యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి 7 కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. పేరు గడికి “20” అని పరిమితి పెట్టినవాడు ఈ మూడింటిలో దేన్ని లెక్కిస్తున్నాడో అడగండి. డేటాబేస్ బైట్లను లెక్కించి చివర్లో కోసేస్తే, గుడి ఊడిపోయి “లక్ష్మ” మిగులుతుంది. ఎస్‌ఎంఎస్‌లోనూ ఇటువంటిదే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో ఒక సందేశంలో 160 పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. అది మించితే సందేశం ముక్కలై, ఒక్కో ముక్కకు 67 చొప్పున పోతుంది. 150 కోడ్ పాయింట్ల తెలుగు టికెట్ సందేశానికి కంపెనీ మూడు ఎస్‌ఎంఎస్‌ల ఖర్చు భరిస్తుంది, అంతే పొడవున్న ఇంగ్లీషు సందేశం ఒక్కదానిలోనే పోతుంది. ఈ టెస్ట్ ఫలితం చూసి నిర్ణయం మార్చుకునేది డెవలపర్ కాదు, బిల్లు కట్టేవారు. అందుకే ప్రయోజనం గడిలో వారి పేరు ఉండాలి.

ఇవన్నీ చిన్న కంపెనీల తంటాలని అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని తెరపై చూపలేక కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, దీర్ఘం వరుసలో అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని ఒక నాన్ జాయినర్ గుర్తు చేరి “జ్ఞా” ఏర్పడేచోట ఆ తప్పు దాగి ఉంది. ఎవరైనా ఆ అక్షరాన్ని మెసేజ్‌లో పంపితే దాన్ని తెరిచిన యాప్ మూసుకుపోయేది. ఆ నెల 19న వచ్చిన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం దగ్గరే ఫోన్ మూర్ఛపోయిందని అప్పట్లో మా ఆఫీసులో నవ్వుకున్నాం గాని, ఆ సాయంత్రమే మా యాప్‌లోని ప్రతి గడిలోనూ అదే అక్షరాన్ని అతికించి చూశాం.

అడిగింది చేశామా, కావలసింది చేశామా

ఈ రెండూ ఒకటి కావు. రిక్వైర్‌మెంట్‌లో, అంటే యాప్ ఏం చేయాలో ముందుగా రాసుకున్న పత్రంలో, రాసినట్టు ఉందో లేదో చూడటం ఒక పని, వాడేవారికి అది అక్కరకు వస్తుందో లేదో చూడటం మరో పని. మొదటిదాన్ని వెరిఫికేషన్ అనీ రెండవదాన్ని వాలిడేషన్ అనీ అంటారని ఇంటర్వ్యూకు వచ్చే ప్రతివారూ చెబుతారు. రెండవదాన్ని చేసి చూపించేవారు తక్కువ. నేనూ చాలాకాలం ఆ జాబితాలోనే ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఇటువంటి టికెట్ యాప్‌నే టెస్ట్ చేశాను. కర్నూలు వెళ్లే బస్సు శుక్రవారం రాత్రి 10:45కు ఎలక్ట్రానిక్ సిటీలో బయలుదేరి, సిల్క్ బోర్డ్, మారతహళ్లి మీదుగా హెబ్బాళ చేరేసరికి 12:40 అవుతుంది. అప్పటికి తేదీ మారి శనివారం వచ్చేస్తుంది. “ప్రయాణికుడు ఎక్కే స్టాపు వద్ద బస్సు వచ్చే తేదీ, సమయం చూపాలి” అని రిక్వైర్‌మెంట్‌లో ఉంది. తెర మీద “హెబ్బాళ, శనివారం, 12:40” అని కనిపించింది. తేదీ సరైనదే, సమయం సరైనదే. నేను పాస్ అని గుర్తుపెట్టి తర్వాతి వరుసకు వెళ్లిపోయాను. రిలీజైన వారంలోనే సపోర్ట్‌కు ఫోన్లు మొదలయ్యాయి. శనివారం రాత్రి భోంచేసి, బ్యాగు సర్దుకుని, పన్నెండున్నరకు హెబ్బాళ ఫ్లైఓవర్ కింద నిలబడ్డ ప్రయాణికులకు తమ బస్సు నిన్న రాత్రే వెళ్లిపోయిందని అప్పుడు తెలిసింది. వారిలో ఒక పెద్దాయన కూతురి నిశ్చితార్థానికి వెళ్లవలసినవారు.

లెక్క ప్రకారం అందులో బగ్ లేదు. కోడ్ రిక్వైర్‌మెంట్‌కు అక్షరాలా కట్టుబడి ఉంది. నేను వేసుకోవలసిన ప్రశ్న “తేదీ సరిగా ఉందా?” అన్నది కాదు, “ఇది చదివిన మనిషి ఏ రాత్రి ఇంట్లోంచి బయలుదేరతాడు?” అన్నది. చివరకు ఆ వరుసను “శుక్రవారం రాత్రి బస్సు, అర్ధరాత్రి దాటాక 12:40కి” అని మార్చారు. అప్పటినుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. సమయం, డబ్బు, చిరునామా కనిపించే ఏ కొత్త తెరనైనా, మా వీధిలో ఆంధ్రా మెస్ నడిపే కడప ఆవిడకు చూపించి, “అక్కా, ఇది చూసి మీరైతే ఎప్పుడు, ఎక్కడికి వెళ్తారు?” అని అడుగుతాను. “బాగుందా?” అని మాత్రం అడగను, ఎందుకంటే మొహమాటానికి బాగుందనే అంటారు. ఆమె చెప్పిన జవాబునూ యాప్ ఉద్దేశించిన జవాబునూ పక్కపక్కన రాసుకుంటాను. రెండూ కలవకపోతే రిక్వైర్‌మెంట్ మీదే డిఫెక్ట్ వేస్తాను. అలా వేయవచ్చా అని కొత్తవాళ్లు సందేహిస్తారు. నిస్సందేహంగా వేయవచ్చు. కోడ్ రాయకముందే రిక్వైర్‌మెంట్ చదివి ఇటువంటివి పట్టుకోగలిగితే అది టెస్టింగ్‌లోకెల్లా చవకైన పని.

మార్పు తరువాత పాతది నిలిచిందా

డెవలపర్ బగ్ సరిచేసి ఇచ్చాక, ఆ బగ్ పోయిందో లేదో చూడటం రీటెస్ట్. అది సరిచేసే క్రమంలో ఇంకేదైనా చెడిందేమో చూడటం రిగ్రెషన్. ఇంటర్వ్యూల్లో ఈ తేడాను ఎంత స్పష్టంగా చెప్పినా, పనిలోకి దిగాక చాలామంది రీటెస్ట్ చేసి రిగ్రెషన్ అయిపోయిందని రాస్తారు. రిగ్రెషన్ ప్రయోజనం కొత్త బగ్స్ వెదకడం కాదు, నిన్నటి నమ్మకం ఇవాళ కూడా చెల్లుతుందో లేదో చూసుకోవడం. అందువల్ల రిగ్రెషన్‌కు టెస్ట్‌లను ఎంచుకునేటప్పుడు మూడు చోట్ల వెదకండి: మారిన కోడ్‌ను తాకే ఫీచర్లు, డబ్బు చేతులు మారే దారులు, ఇదివరకు ఒకసారి విరిగిన చోట్లు. మూడవది చిన్నచూపు చూడవలసినది కాదు. అతుకు వేసిన చోటే గుడ్డ మళ్లీ చినుగుతుంది.

కోడ్ మారలేదు కనుక టెస్ట్ అక్కర్లేదన్న వాదన మీకు తరచూ వినిపిస్తుంది. దానికి జవాబుగా 1996 జూన్ 4న జరిగిన యూరప్ రాకెట్ ఏరియాన్ 5 తొలి ప్రయోగాన్ని గుర్తుచేయవచ్చు. రాకెట్ దిశను లెక్కించే వ్యవస్థలో ఏరియాన్ 4 కోసం రాసిన, అక్కడ సవ్యంగా నడిచిన కోడ్‌నే వాడారు. కొత్త రాకెట్ ప్రయాణ మార్గంలో అడ్డ దిశ వేగం పాతదానికన్నా చాలా ఎక్కువ. 64 బిట్ల దశాంశ సంఖ్యగా ఉన్న ఒక విలువను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే చోట, అందులో పట్టే గరిష్ఠ విలువ 32,767ను అది దాటిపోయింది. ప్రధాన వ్యవస్థా, దానికి తోడుగా పెట్టినదీ రెండూ ఒకే కోడ్ నడుపుతున్నాయి కనుక రెండూ ఆగిపోయాయి. సుమారు 40 సెకన్లకే రాకెట్ దారితప్పి విచ్ఛిన్నమైంది. ఒక్క అక్షరం మారని కోడ్‌కు కూడా చుట్టూ ఉన్న పరిస్థితి మారితే రిగ్రెషన్ కావాలి. మన యాప్ విషయంలో చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే మారడమో, ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రావడమో, సంక్రాంతికి వారం ముందు రద్దీ పది రెట్లు కావడమో అటువంటి మార్పే.

ఒకే రిగ్రెషన్ సెట్‌ను ఏళ్ల తరబడి నడిపితే అది లోపాలను పట్టుకోవడం మానేస్తుంది. దీనికి టెస్టింగ్ మీద పుస్తకాలు రాసిన బోరిస్ బైజర్ పురుగుమందు పోలిక చెప్పారు. పత్తి వేసిన ఇళ్లనుంచి వచ్చినవారికి దాన్ని విడమరచనక్కర్లేదు. ఏటా అదే మందు కొడితే పురుగు చావదు. మూడు నెలలకొకసారైనా సెట్‌ను తిరగేసి, ఎన్నడూ ఫెయిల్ కాని టెస్ట్‌ల డేటా మార్చండి, అవసరం తీరినవాటిని తీసేయండి.

నిర్ణయానికి సమాచారం ఇవ్వడం

పై ప్రయోజనాలన్నీ చివరకు వచ్చి కలిసేది ఇక్కడే. రిలీజ్ చేయాలా వద్దా అన్నది టెస్టర్ నిర్ణయించేది కాదు. కొన్ని టీమ్‌లలో టెస్టర్‌ను కాపలాదారుగా నిలబెట్టి, సంతకం పెట్టమంటారు. బగ్ బయటపడితే నెపం ఆ సంతకం మీదకు వస్తుంది. నా దృష్టిలో అది తప్పుడు అమరిక. తెలిసిన ప్రమాదాలను, ఎంత తెలుసో ఎంత తెలియదో అన్న కొలతతో సహా, నిర్ణయించేవారి ముందు ఉంచడమే టెస్టర్ బాధ్యత.

యూపీఐ చెల్లింపును ఉదాహరణగా తీసుకుందాం. ప్రయాణికుడు సీటు ఎంచుకోగానే మన యాప్ దాన్ని ఆయన పేరిట 8 నిమిషాలు పట్టి ఉంచుతుందనుకుందాం. డబ్బు కట్టమని కోరే అభ్యర్థన గేట్‌వేకు వెళ్తుంది, ఆయన తన యూపీఐ యాప్‌లో పిన్ కొడతాడు, బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గుతుంది, ఆ కబురు తిరిగి మన సర్వర్‌కు చేరుతుంది, అప్పుడు టికెట్ వస్తుంది. ఈ గొలుసులో నెట్‌వర్క్‌ను మూడు చోట్ల తెంపి చూడాలి: అభ్యర్థన వెళ్లకముందు, డబ్బు తగ్గాక కబురు మన సర్వర్‌కు చేరకముందు, కబురు చేరాక ఫోన్ తెర మారకముందు. మొదటిచోట తెగితే ఎవరికీ నష్టం లేదు. మూడవచోట తెగితే టికెట్ ఉంది గాని ప్రయాణికుడికి తెలియదు, ఆయన మళ్లీ కడతాడు. రెండవదే అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే డబ్బు పోయింది, టికెట్ లేదు, సీటు గడువు నడుస్తోంది. ఆ కబురు 9వ నిమిషంలో వస్తే ఏమవుతుందో తప్పక చూడండి. అప్పటికి అదే సీటును మరొకరు కొని ఉంటే, యాప్ ఇద్దరికీ టికెట్ ఇస్తుందా, మొదటివారికి డబ్బు తిరిగి పంపుతుందా, లేక ఏమీ చెప్పకుండా ఊరుకుంటుందా? మెట్రోలో వెళుతూ సొరంగంలోకి దిగే క్షణంలో పే బటన్ నొక్కినవారికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు.

దొరికిన లోపాన్ని ఎలా రాస్తారన్నదానిపైనే దాని విలువ ఆధారపడి ఉంటుంది. “యూపీఐ పేమెంట్ సరిగా పనిచేయడం లేదు” అని లోపాలు నమోదు చేసే జిరాలో వేస్తే, “నా మెషీన్‌లో బాగానే ఉంది” అన్న జవాబుతో సాయంత్రానికి అది మీకే తిరిగి వస్తుంది. దాన్నే ఇలా రాయండి: “సీటు పట్టి ఉంచిన 8 నిమిషాలు ముగిశాక చెల్లింపు కబురు వస్తే, అదే సీటుకు రెండు టికెట్లు జారీ అవుతున్నాయి. ఫోన్ 1లో సీటు 14 ఎంచుకుని, పిన్ కొట్టే తెర దగ్గర 7 నిమిషాల 50 సెకన్లు ఆగి పిన్ కొట్టాను. 8 నిమిషాలు దాటగానే ఫోన్ 2లో అదే సీటు కొన్నాను. రెండింటికీ టికెట్ వచ్చింది. 5 సార్లు ప్రయత్నిస్తే 4 సార్లు ఇలాగే జరిగింది. స్టేజింగ్ బిల్డ్‌లో, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ చూశాను.” (స్టేజింగ్ అంటే రిలీజ్‌కు ముందు టెస్ట్ చేసుకునే సర్వర్, బిల్డ్ అంటే దానిమీద పెట్టిన యాప్ వెర్షన్.) మొదటి వాక్యం మేనేజర్ కోసం, మిగిలినవి డెవలపర్ కోసం. 5లో 4 సార్లు అన్న అంకెను వదలవద్దు. దాన్ని చూశాకే ఇది టైమింగ్‌కు సంబంధించినదని డెవలపర్‌కు తోస్తుంది.

సివియారిటీ, ప్రయారిటీ గడులు నింపేటప్పుడు, మొదటిది సాఫ్ట్‌వేర్‌కు ఎంత దెబ్బ అన్నదాన్నీ, రెండవది ఎంత త్వరగా బాగుచేయాలన్నదాన్నీ చెబుతాయని గుర్తుంచుకుంటే చాలు. హోమ్ పేజీ మీద కంపెనీ పేరులో అక్షరదోషం దెబ్బ పరంగా చిన్నది, తొందర పరంగా పెద్దది. ఏడాది మొత్తం లెక్కలు ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే రిపోర్ట్ పేజీ కూలిపోవడం దెబ్బ పరంగా పెద్దదైనా, అది వాడేది ఏప్రిల్‌లోనైతే జూన్‌లో దానికి తొందరేమీ లేదు. సివియారిటీని టెస్టర్ తేల్చాలి, ప్రయారిటీని ప్రోడక్ట్ మేనేజర్ తేల్చాలి. ఈ రెంటి మీదా రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో వాదించుకోవడం వృథా.

రిలీజ్ అయ్యాక ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే సర్వర్ల మీద, ముఖ్యమైన పనులు నడుస్తున్నాయో లేదో చూసే చిన్న స్మోక్ టెస్ట్‌ను లాంఛనంగా చూడవద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 8 సర్వర్లలో 7 మీద కొత్త కోడ్ పెట్టి, ఎనిమిదవదాన్ని మరచిపోయింది. అందులో మిగిలిన పాత కోడ్ మేల్కొని సుమారు 45 నిమిషాలు అడ్డగోలుగా ఆర్డర్లు వేయగా, నష్టం 44 కోట్ల డాలర్ల దాకా తేలింది. టెస్ట్ చేసిన బిల్డే అన్ని సర్వర్ల మీదా ఉందా అన్నది కూడా టెస్టర్ జవాబు తెలుసుకోవలసిన ప్రశ్నే. దానికి ఐదు నిమిషాలు చాలు.

ఒప్పందాల కోసం, చట్టం కోసం చేసే టెస్టింగ్ గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. ఆ నిబంధనల జాబితా మీకు కంపెనీయే ఇస్తుంది, దాని ప్రకారం సాక్ష్యాలు దాచడం తప్ప అందులో ఎంపికకు పెద్దగా చోటు లేదు. అయితే టెస్ట్ డేటా కోసం ప్రొడక్షన్ నుంచి నిజమైన కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు యథాతథంగా దించుకునే అలవాటు మీ టీమ్‌లో ఉంటే వెంటనే మాన్పించండి. వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లోనే ప్రత్యేక చట్టం చేశారు.

ఇక మీరు ఇచ్చే చివరి కాగితం టెస్ట్ రిపోర్ట్. “మొత్తం 212, పాస్ 209, ఫెయిల్ 3” అన్న పట్టిక చూసి ఎవరూ నిర్ణయం తీసుకోలేరు, ఎందుకంటే ఆ మూడూ అక్షరదోషాలు కావచ్చు, రెండు టికెట్ల సమస్యా కావచ్చు. పట్టికను కిందకు నెట్టి, పైన మూడు చిన్న పేరాలు రాయండి. మొదటిదాంట్లో ఏ ప్రశ్నలకు జవాబు దొరికిందో, రెండవదాంట్లో తెలిసీ వదిలేస్తున్న లోపాలేవో, అవి ఎవరిని ఎప్పుడు తాకుతాయో, మూడవదాంట్లో దేన్ని టెస్ట్ చేయలేదో, ఎందుకు చేయలేదో చెప్పాలి. మూడవ పేరా రాయడానికి కొత్తవాళ్లు భయపడతారు, పని ఎగ్గొట్టినట్టు కనిపిస్తుందని. మేనేజర్లు అన్నిటికన్నా ముందు చదివేది మాత్రం దాన్నే. “సంక్రాంతి స్థాయి రద్దీని టెస్ట్ చేయలేదు. స్టేజింగ్ సర్వర్ సామర్థ్యం ప్రొడక్షన్‌లో నాలుగో వంతు మాత్రమే. ఒకేసారి 500 మంది వరకు చూశాం” అని రాస్తే, జనవరి మొదటి వారంలో అదనపు సర్వర్లు పెట్టాలా అన్నది వారు ఆలోచించుకోగలరు. ఈ రిపోర్ట్‌ను రిలీజ్ మీటింగ్‌లో తెర మీద చదివి వినిపించకుండా, కనీసం రెండు గంటల ముందే మెయిల్ చేయండి. మీటింగ్‌లో అడిగే మొదటి ప్రశ్న మూడవ పేరా మీద ఉంటుంది కనుక, దానికి కావలసిన అంకెలు చేతిలో పెట్టుకుని వెళ్లండి.